బ్రేకులు ఫెయిలయ్యాయని రాసే ముందు వెనక కమాన్లు కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఘాట్ రోడ్డులో పికప్ వ్యాను బోల్తా పడిందనో, లారీ లోయలోకి జారిందనో వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒకటే మాట ఉంటుంది, బ్రేకులు ఫెయిలవడమే కారణమని. నేను నర్సీపట్నంలో 31 ఏళ్లుగా కమాన్ పని, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల పని, చేస్తున్నాను. సాగిపోయిన పట్టీలకు కొలిమిలో వంపు పెట్టడం, విరిగినవి మార్చడం, ఆ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యు బోల్టులు బిగించడం నా వృత్తి. ఆ వార్త చదవగానే నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ బండి వెనక కంపెనీ ఇచ్చిన పట్టీలెన్ని, మాలాంటి వాళ్లు అదనంగా వేసినవెన్ని అని ఎవరైనా లెక్కపెట్టారా?

నా దగ్గరకు వచ్చే బళ్లలో ఎక్కువ భాగం లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు తిరిగేవే. వాటి లోడు ఒక తీరుగా ఉండదు. పైకి సిమెంటు, ఇనుము, కిరాణా తీసుకెళ్తాయి, కిందికి చాలాసార్లు ఖాళీగా దిగుతాయి. కాఫీ, మిరియాలు, పసుపు దించే రోజుల్లో ఇది తిరగబడుతుంది. తారు రోడ్డు దాటాక మట్టిబాటలు, రాళ్లు, వానాకాలంలో గెడ్డలు (వాగులు). పొద్దున్న ఒకటిన్నర టన్ను మోసిన బండే సాయంత్రం నాలుగు ఖాళీ డ్రమ్ములతో తిరిగొస్తుంది. ఇలాంటి పనికి బండి కొన్నవాళ్లు వారం తిరక్కుండానే నా దగ్గరకొచ్చి, ‘లోడేస్తే వెనక కూర్చుండిపోతోంది మేస్త్రీ, ఇంకో రెండు పట్టీలు వేసెయ్యండి’ అంటారు.

చాలా ఏళ్లు నేను మారు మాట్లాడకుండా వేశాను. ఫైనాన్సులో కొత్త పికప్ తీసుకున్న చింతపల్లి వైపు కుర్రాడికి కూడా అలాగే రెండు మందపాటి పట్టీలు వేశాను. నాలుగో రోజున ఖాళీ బండితో ఘాట్ దిగుతున్నాడు. అప్పుడే చినుకులు పడి ఆగాయి. మలుపు ముందు గతుకుల మీద బ్రేకు తొక్కితే వెనక చక్రాలు నేలకు ఆనకుండా టకటకా ఎగిరి, బండి అడ్డంగా తిరిగి పిట్టగోడకు కొట్టింది. కాలు రెండు చోట్ల విరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు బాకీ ఉన్న 600 రూపాయలు తమ్ముడి చేత పంపించాడు. ఆ డబ్బు తీసుకోలేకపోయాను. ఆ తమ్ముడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతుంది.

ఆ తర్వాతే కమాను గురించి నాకు తెలియనిదేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. పొడవు, వెడల్పు అంతే ఉంచి 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, కంటికి రెండు మిల్లీమీటర్లే తేడా కనిపిస్తుంది. కానీ ఆ పట్టీ బిగువు దాదాపు రెట్టింపవుతుంది. నిండు లోడుకు సరిపోయే ఆ బిగువు ఖాళీ బండికి శత్రువు. బరువు లేనప్పుడు కమాను వంగదు, గతుకును మింగదు, చక్రాన్ని పైకి తన్నేస్తుంది. నేల మీద లేని చక్రానికి ఎంత మంచి బ్రేకున్నా ఏం లాభం?

మట్టిబాటలో కూడా ఇదే కథ. బిగువైన కమాను ఉంటేనే అడవి దారిలో బండి గట్టిగా నిలబడుతుందని చాలామంది నమ్మకం. కానీ గెడ్డ ఎక్కేటప్పుడు ఒక చక్రం రాయి మీద, ఇంకోటి గుంటలో ఉంటే, హౌసింగ్ (వెనక చక్రాలను కలిపే ఇరుసు) ఓ పక్కకు వంగడానికి కమాన్లు దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే గుంట వైపు చక్రం గాల్లో వేలాడుతుంది. రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ ఇంజిన్ శక్తినంతా ఆ గాల్లో చక్రానికే తిప్పేస్తుంది. బండి కదలదు. లోడు దించి తోయాల్సింది మనుషులే.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక పికప్‌కి ఏడాదిలో నాలుగుసార్లు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చారు. డిస్కులు వేడికి నీలంగా మారాయి. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పితే లైనర్లు, అంటే బ్రేకు వేస్తే అరిగే ముక్కలు, కొత్తవాటిలా ఉన్నాయి. ఎవరికీ అర్థం కాలేదు. చివరికి బ్రేకు పని చేసే ఒక మిత్రుడు హౌసింగ్ నుంచి చాసీ (బండి అడుగు ఫ్రేము) దగ్గరి వాల్వుకు వెళ్లే చిన్న రాడ్డు చూపించాడు. అది లోడ్ సెన్సింగ్ వాల్వ్. చాలా పికప్‌లకు, చిన్న లారీలకు ఉంటుంది. చాసీకీ హౌసింగ్‌కీ మధ్య దూరం తగ్గితే లోడుందని గ్రహించి వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపిస్తుంది. దూరం ఎక్కువుంటే బండి ఖాళీ అనుకుని తగ్గిస్తుంది. మనం అదనపు పట్టీలు వేసి బండిని ఎత్తేస్తే, ఒకటిన్నర టన్నుతో ఘాట్ దిగుతున్నా ఆ వాల్వు ఖాళీ బండి అనే అనుకుంటుంది. భారమంతా ముందు బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. లోయలో బండిని చూసి బ్రేకులు ఫెయిలయ్యాయని రాస్తాం. ఫెయిలైంది ముందు బ్రేకులే, కానీ ఎందుకు ఫెయిలయ్యాయో కూడా రాయాలి కదండీ.

ఇప్పుడు నన్ను అడిగే వాళ్లకు చెప్పేది ఇదీ. లోడు మారుతూ ఉండే బండికి రెండంచెల కమాను కావాలి. కింద మెత్తని ప్రధాన కట్ట, పైన హెల్పర్ కట్ట. ఖాళీగా ఉన్నప్పుడు హెల్పర్ చాసీకి ఉండే దాని ప్యాడ్లకు తగలకూడదు. లోడు పెరుగుతున్న కొద్దీ తగిలి పని అందుకోవాలి. ఖాళీగానే తగులుతుంటే ప్రధాన కట్ట సాగిపోయినట్టు. దానికి కొత్త పట్టీలు కలపడం కాదు, ఉన్న కట్టను బాగుచేయాలి లేదా అదే కొలత కట్ట వేయాలి. సాగిన కట్టకు పట్టీలు కలిపి ఎత్తు తెచ్చేవాళ్లు నా వృత్తిలో ఎందరో ఉన్నారు, నేనూ ఒకప్పుడు వారిలో ఒకణ్ని.

చివర్లకు పలచబడే రెండు మూడు పట్టీల పారాబాలిక్ కమాన్లు ఖాళీ బండికి హాయిగా ఉంటాయి. పట్టీల మధ్య రాపిడి తక్కువ కాబట్టి ఊగడాన్ని ఆపే పని షాకబ్జర్లదే. అవి కారుతుంటే వెంటనే మార్చాలి. పారాబాలిక్ పట్టీ విరిగితే నా కొలిమిలో బాగుచేయడం కుదరదు, కొత్తది కొనాలి. మారుమూల ఊళ్లకు తిరిగే బండైతే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. కమాను బదులు వాడే ఎయిర్ బెలోలు (గాలి నింపిన రబ్బరు తిత్తులు) బస్సులకు, తారు రోడ్డు మీద సున్నితమైన సరుకు మోసే కంటైనర్లకు చాలా మంచివి. గాలిని సర్దే లెవలింగ్ వాల్వు ఉంటే ఖాళీయైనా నిండినా ఒకటే ఎత్తు. కానీ రాళ్ల బాటలో రబ్బరు కోసుకుపోతే అక్కడ చేసేదేమీ ఉండదు. వీడియోలు చూసి పికప్‌కి గాలి బ్యాగులు పెట్టమని అడిగే కుర్రాళ్లకు నేను ముందు ఆ లోడ్ వాల్వు రాడ్డే చూపిస్తున్నాను, అవీ బండిని ఎత్తేసి దాన్ని మోసం చేస్తాయి కాబట్టి.

మెత్తనిదే అన్నిటికీ మంచిదని నేననడం లేదు. టిప్పర్ సంగతి వేరు. ఎగుడుదిగుడు నేలపై తొట్టె ఎత్తినప్పుడు ఒక పక్క కమాను మెతకైతే బండి ఆ పక్కకే ఒరిగిపోతుంది. అక్కడ వెనక జంట ఇరుసులకు వేసే బిగువైన బోగీ కమానే ఉండాలి, రెండు పక్కలా సమానంగా.

ఒక పట్టీ కలిపితే ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు. హౌసింగ్, బేరింగులు, టైర్లు, చాసీ పాతవే కదా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. నెలవారీ కిస్తీ కట్టుకునే కుర్రాడికి ఆ దెబ్బ ఎంతో చెప్పక్కర్లేదు.

అందుకే రెండు విన్నపాలు. ఫిట్‌నెస్‌కి వచ్చిన బండికి తనిఖీ చేసేవారు లైట్లు, హారన్‌తో పాటు వెనక పట్టీల లెక్క, ఆ వాల్వు రాడ్డు కూడా చూడాలి. పట్టీ కంపెనీది కాకపోతే అంచుల మీద తుప్పు రంగే చాలాసార్లు తేడాగా ఉంటుంది, రెండు నిమిషాల పని. రెండోది మీకు. ఘాట్‌లో ప్రమాదం జరిగినప్పుడు మీ విలేకరి వెనక కమాన్లకు ఒక ఫొటో తీయాలి, ముందు ప్యాడ్లు, వెనక లైనర్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌ని అడిగి అది కూడా వార్తలో రాయాలి. మా నర్సీపట్నం పరిసరాల్లో జరిగితే, నన్ను పిలిస్తే నేనే వచ్చి చూసి చెబుతాను.

ఇట్లు,
ఒక కమాన్ మేస్త్రీ,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా