అమ్మ రిపోర్టు విడమరిచి చెప్పిన డాక్టరమ్మకు, మా ఊరివాళ్లకు కృతజ్ఞతలు

కాకినాడలో అమ్మ బయాప్సీ చూసిన పాథాలజీ డాక్టరమ్మకు ముందుగా నమస్కారం. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ స్లైడు చూసి రిపోర్టు రాసే డాక్టర్. రోగి తాలూకు వాళ్లతో మాట్లాడాల్సిన పని ఆవిడకు లేదు. అయినా భోజనం వేళ మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ చెప్పారు.

అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా అనే రకం. చుట్ట గానీ సిగరెట్ గానీ ముట్టిన మనిషి కాదు. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు పొగ తాగేదా అని అడిగితే అమ్మ చాలా బాధపడింది. కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి ఏళ్ల తరబడి వండింది. ఆ పొగ కూడా ఒక కారణం కావచ్చని, ఒక మనిషి విషయంలో ఇదే కారణమని తేల్చలేమని డాక్టరమ్మ అన్నారు.

రిపోర్టులో టీటీఎఫ్-1 పాజిటివ్, నాప్సిన్-ఎ పాజిటివ్ అని ఉంది. తమ్ముడు ఫోన్‌లో వెతికితే థైరాయిడ్ అని వచ్చింది. గొంతులోనూ ఉందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. టీటీఎఫ్-1 ఒక ప్రొటీనట. కడుపులో బిడ్డకు నాలుగో వారంలో, ఆహారనాళం కాబోయే గొట్టం ముందువైపు కొన్ని కణాల్లో దాని జన్యువు పని మొదలుపెడుతుంది. ఊపిరితిత్తులు మొలిచేది అక్కడే. థైరాయిడ్‌కూ అదే కావాలి. పెద్దయ్యాక కూడా గాలితిత్తుల్లోని (ఊపిరితిత్తుల్లో గొట్టాల చివర ఉండే బుల్లి గాలి సంచులు) కొన్ని కణాల్లో అది ఉండిపోతుంది. ఇక నాప్సిన్, బిడ్డ మొదటి ఊపిరి తీసినప్పుడు గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తయారీకి సాయపడుతుంది. రెండూ కనబడ్డాయి కాబట్టి గడ్డ ఊపిరితిత్తిలోనే పుట్టిందని ఆవిడ తేల్చారు.

మాది కోనసీమ అని తెలిసి కాలువల లెక్కన చెప్పారు. ధవళేశ్వరం దగ్గర మొదలైన కాలువ పంట బోదెల దాకా చీలినట్టు, గాలిగొట్టం సుమారు 23 దఫాలు చీలుతుంది. ఎటు పెరగాలో చుట్టూ ఉన్న కణాలు ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రొటీన్ పంపి చెబుతాయి. దాని జన్యువు తీసేసిన ఎలుక పిల్లలకు గాలిగొట్టం ఏర్పడింది గానీ ఊపిరితిత్తులు ఏర్పడలేదట! కణానికి పెరగమనే సంకేతం అందించే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ కూడా ఆ దశలో కణాల ఎదుగుదలకు అవసరం. తర్వాత దాన్ని అవసరం మేరకే తెరిచి మూస్తుంది శరీరం. అమ్మ గడ్డలో దాని జన్యువులో 19వ ఎక్సాన్ అనే భాగంలో చిన్న ముక్క ఊడిపోయింది. లాకు తలుపు ఇక మూతపడలేదు. "ఊపిరితిత్తుల్ని కట్టిన జన్యువులే అదుపు తప్పి గడ్డను పెంచుతున్నాయమ్మా" అన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే పొలుసు కణాల రకంలో సాక్స్2, చిన్న కణాల రకంలో ఏఎస్‌సీఎల్1 అనే జన్యువులు, ఇవి కూడా పిండంలో పనిచేసేవేనట.

మా పిల్లలకు వస్తుందా అని మా ఆవిడ అడిగింది. ఈ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు, గడ్డ కణాల్లో తర్వాత జరిగింది అన్నారు. ఆ ఒక్క మాటకే డాక్టరమ్మకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను.

ఇలాంటి మార్పు ఉన్నవాళ్లకు మాత్రలు బాగా పనిచేస్తాయని 2004లో తెలిసింది. అమ్మ ఇప్పుడు రోజూ ఓసిమెర్టినిబ్ అనే అలాంటి మాత్ర వేసుకుంటోంది. దగ్గు తగ్గింది, స్కాన్‌లో గడ్డ చిన్నదైంది. కొంతకాలానికి మందు పట్టు తగ్గవచ్చని కూడా దాచకుండా చెప్పారు. ఈ రకం క్యాన్సర్ అని ఎవరికైనా తేలితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల పరీక్షలు చేశారా అని మీ డాక్టర్‌ను తప్పకుండా అడగండి.

ఎదుర్లంక వంతెన మీదుగా వేళాపాళా చూడకుండా కారు తీసిన పక్కింటి బాబాయికి, పరీక్షల ఖర్చుకు డబ్బు సర్దిన పదో తరగతి బ్యాచ్ వాళ్లకు, మేం లేనప్పుడు కొబ్బరి దింపు దగ్గరుండి చేయించి లెక్క పైసాతో సహా అప్పజెప్పిన మావయ్యకు దండాలు. అత్తయ్య పంపిన క్యారేజీల సంగతి అమ్మే అందరికీ చెబుతోంది.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఇచ్చినవారు తిరిగి వద్దన్నారు. మా ఇంట్లోనే ఉంది, బాగా పనిచేస్తోంది. చుట్టుపక్కల ఎవరికి అవసరమైనా వచ్చి తీసుకెళ్లండి.