అమ్మకు, మనీలా నుంచి

అమ్మా,

ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకర్ పెడతావు, హాల్లో పెదనాన్న ఉంటాడు, మధ్యలో నాన్న అందుకుంటాడు. అందుకే రాస్తున్నాను. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువుకో.

ముందు చదువు సంగతి. పరీక్షలు అయిపోయాయి. ఫార్మకాలజీ ఒక్కటే కాస్త అనుమానం, మిగతావి బాగానే రాశాను. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను. ఇక ఆ మాట అడక్కు.

చిన్నత్త నీకు పంపిన ఫొటోలో పిడికిలి ఎత్తింది నేనే. కానీ అది ఊరేగింపు కాదు, నాటకం. మాట కంటే పాట ఎక్కువుండే నాటకం. క్వెజాన్ సిటీలో యూనివర్సిటీ ఆఫ్ ఫిలిప్పీన్స్ వాళ్ళ దిలిమాన్ క్యాంపస్‌లో పిల్లలే వేశారు. అయిపోయాక హాలు బయట అందరూ అలా నిలబడి ఫొటోలు దిగుతుంటే నేనూ దిగాను. విదేశీయులు రాజకీయ ర్యాలీల జోలికి పోవద్దని ఇక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు హెచ్చరిస్తూనే ఉంటారు. ఆ మాత్రం నాకు తెలీదా? నాన్న లోను ఎంతో, వడ్డీ ఎంతో కూడా తెలుసు.

నన్ను తీసుకెళ్ళింది మా ఇంటావిడ. తీతా అని పిలుస్తాం. డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా మనవరాలు కోరస్‌లో పాడుతోందని రెండు జీప్నీలు, అదే ఇక్కడి షేర్ జీపులు, మారి బయల్దేరింది. నేను తోడు వెళ్ళాననుకో, ఆవిడే నాకు తోడు వచ్చిందనుకో.

కథ మార్కోస్ కాలంది. ఇప్పటి ప్రెసిడెంటు కాదు, అప్పటి ప్రెసిడెంటు, వీళ్ళ నాన్న. 2022లో కొడుకు గెలిచాడు కదా, ఆ మాటెత్తితే తీతా టీవీ కట్టేసి గిన్నెలు తోముకుంటుంది.

మొదటి సగం నవ్వుతూనే చూశాను. 1971 ఫిబ్రవరిలో పెట్రోలు లీటరుకు మూడు సెంటావోలు, అంటే మన పైసల్లాంటివి, పెంచారట. జీప్నీ డ్రైవర్లు సమ్మె కట్టారు. వాళ్ళకు తోడుగా ఈ క్యాంపస్ పిల్లలు దారులకు అడ్డంగా కుర్చీలూ బల్లలూ చెట్ల కొమ్మలూ పేర్చి, తొమ్మిది రోజులు పోలీసుల్ని ఆపారు. స్టేజీ మీద కూడా పాడుతూనే కుర్చీలు పేర్చారు, ఆ పాట ఇంకా నోట్లోనే ఉంది. క్యాంపస్ రేడియోను చేతిలోకి తీసుకుని మార్కోస్ ప్రేమాయణం టేపు ఊరంతా వినిపించారట. అందులో ఏముందో ఇక్కడ రాయను, నాన్న చేతికి చిక్కిందంటే నా పని అంతే. ఆ గొడవలోనే తూటా తగిలి ఒక విద్యార్థి చనిపోయాడు. ఆ కుర్రాడి వంతు వచ్చేసరికి హాల్లో నవ్వులన్నీ ఆగిపోయాయి.

భాష నాకు సగమే తెలుసు. అయినా "మకిబాకా, హువాగ్ మతాకోత్" అని వాళ్ళంటే హాలంతా అందుకుంది. పోరాడు, భయపడకు అని. నేను పెదాలు కదిపానంతే. సరే, రెండోసారి కాస్త గట్టిగానే అన్నాను.

అన్నట్టు తీతా సినిగాంగ్ చేసినప్పుడల్లా నాకు పక్కన పెడుతుంది. చింతపండు పులుపుతో అచ్చం మన చారులా ఉంటుంది, ఇంగువ లేదనే గానీ. కాబట్టి ఏం తింటోందో అని బెంగపడకు.

రెండో సగం 1972 సెప్టెంబరు 23, శనివారం పొద్దున మొదలవుతుంది. ఇంట్లో రేడియో తిప్పితే గరగర తప్ప ఏమీ రాదు, గుమ్మంలో పేపరు పడదు. సాయంత్రం టీవీలో మార్కోస్ వచ్చి మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టానని చెబుతాడు. అప్పటి నుంచి అర్ధరాత్రి దాటితే కర్ఫ్యూ. దొరికిన వాళ్ళ చేత రోడ్ల పక్కన గడ్డి కోయించేవారట, జుట్టు పెంచిన మగపిల్లలకు అక్కడికక్కడే కత్తిరింపు. తీతా నా చెవిలో, "మా అన్నయ్య కూడా గడ్డి కోశాడు" అని నవ్వింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గరగర తర్వాత తల్లి వంటింట్లో కూర్చుని కొడుకు పుస్తకాలు పొయ్యిలో పెడుతుంది. అన్ని పాటల నాటకంలో అక్కడ మాత్రం పాట లేదు, వాద్యాలూ లేవు. ఒక్కో పుస్తకం తెరిచి, వాడి పేరు రాసున్న కాగితం ముందు చింపి, అది బూడిదయ్యాక మిగతాది. ఒకటి మాత్రం బియ్యం డబ్బాలోకి తోసింది.

నాకు మన పెరట్లో నీళ్ళ పొయ్యి కనిపించిందమ్మా. ఎమర్జెన్సీలో నానమ్మ చేసిన పని. "మీ పెదనాన్న చదువుతో ఇంటిల్లిపాదీ వేణ్ణీళ్ళు పోసుకున్నాం" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో, మనం ఎన్నిసార్లు నవ్వామో. ఆ మాట వచ్చిన ప్రతిసారీ పెదనాన్న కుళాయి కట్టేసి వస్తానని లేచి వెళ్ళేవాడు. కుళాయి ఎప్పుడూ కట్టేసే ఉండేది. ఇది నాకు ఆ హాల్లో కూర్చున్నాకే తట్టింది.

మర్నాడు తీతా బంతాయోగ్ అనే చోటికి తీసుకెళ్ళింది. నల్లరాతి గోడ, దాని నిండా ఆ మార్కోస్ పాలనను ఎదిరించిన వాళ్ళ పేర్లు. లిలియోసా హిలావో అనే పేరు దగ్గర ఆగింది. కాలేజీ పత్రికకు రాసేది, ఒంట్లో బాగుండక ఊరేగింపులకు కూడా వెళ్ళేది కాదట. 1973 ఏప్రిల్లో సైన్యం నిర్బంధంలో చనిపోయింది. యాసిడ్ తాగిందన్నారు వాళ్ళు. పట్టాలిచ్చే రోజు కాలేజీలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంచారట. చనిపోయేనాటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు.

ఇది చదివి ఏడవకు. నేను బాగున్నాను. ఇలాంటివి రాయకూడదనే అనుకున్నాను, రాసేశాను.

నువ్వు ఒకటి చెయ్యి. నానమ్మ ఆ రోజు అన్నీ కాల్చేసిందా, ఏదైనా మిగిల్చిందా? పాత ట్రంకు పెట్టె అడుగున ఒకసారి చూడు. పెదనాన్నను నువ్వు అడగకు, వచ్చినప్పుడు నేనే అడుగుతాను. ఈసారి కుళాయి దగ్గరికి ఆయన వెంట నేనూ వెళ్తాను.

ఆవకాయ పంపకు, ఇంకా సగం సీసా ఉంది. ఈ ఉత్తరం చిన్నత్త కంట మాత్రం పడనివ్వకు.

నీ
చిన్ని