మా గానుగ దారి గురించి మీతో చెప్పవలసిన మాట

మొన్నటి వానకు మా దారిలో ఇద్దరు ఖాతాదారుల స్కూటర్లు జారాయి. ఒకరి నువ్వుల నూనె డబ్బా బురదలో ఒలికిపోయింది. డబ్బాకు డబ్బా ఇచ్చాను గానీ, ఆయన మోకాలి మీద చర్మం లేచిపోయిన చోటు చూసినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

డబ్బు లేకే తారు వేయలేదని ఊళ్లో అనుకుంటున్నారట. ఆ మాట నన్ను బాధించింది. తారా, గ్రావెలా అని ఆరు నెలలు తర్జనభర్జన పడ్డాను. మాది గుంటూరు వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పలుగు దిగేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పలచగా తారు పరిస్తే, నేల కదిలినప్పుడు పైపొర పగులుతుంది. పగుల్లో నీరు దిగిందంటే గుంత పడ్డట్టే. పూడ్చడానికి వేడి తారు, రోలరు కావాలి. రోజుకు నలభై బళ్లు తిరగని దారికి అవి పట్టుకుని ఎవరొస్తారు? లోతైన పునాది వేస్తే తారు నిలుస్తుంది, కాదనను. ఆ ఖర్చు చివరకు మీ నూనె ధర మీదే పడుతుంది. గ్రావెల్ అయితే ట్రాక్టరు బ్లేడుతో మేమే సరిచేసుకుంటాం.

అందుకే గ్రావెల్ వేయించాను. చెడింది ఆ ఆలోచన కాదు, దిగిన సరుకు. గుత్తేదారు చూపిన నమూనాలో రాయి, ఇసుక, వాటిని పట్టి ఉంచేంత ఎర్రమట్టి ఉన్నాయి. తర్వాత రాత్రిపూట దిగిన ట్రక్కుల సంగతి వేరు. నూనె తేర్చే గాజు సీసాలో ఆ గ్రావెల్ గుప్పెడు వేసి, నీళ్లు పోసి కుదిపి పెట్టాను. తెల్లారేసరికి అడుగున కాస్తంత రాయీ ఇసుకా, ఆపైనంతా బంకమట్టే! గుప్పెడు నువ్వులు చూసి మట్టి ఎంతో చెప్పగలిగే నేను, ఒక్క ట్రక్కునైనా దగ్గరుండి చూసుకోలేదు. ఆ గుత్తేదారు ఇప్పుడు ఫోను తీయడం లేదు.

అయినా గ్రావెల్ వదిలి తారుకు మాత్రం పోను. ఆ మట్టంతా గీకేసి, కింది రేగడిలో సున్నం కలుపుతున్నాం. అప్పుడు దాని ఉబ్బు తగ్గుతుంది. పైన మంచి గ్రావెల్ రెండు పొరలు, మొదటిది తడిపి రోలరుతో తొక్కించాకే రెండోది. 10 అడుగుల దారికి నడిమి భాగం అంచుల కన్నా 2.5 అంగుళాలు ఎత్తు, ఇరువైపులా కాలువలు. వేసవిలో దుమ్ము లేస్తుంది కాబట్టి గానుగ ముందు 60 అడుగులు సిమెంటే.

పని పూర్తయ్యే దాకా రోడ్డు దగ్గరే ఆగి ఫోను చేయండి, నూనె అక్కడికే తెచ్చిస్తాం. ధర పెంచను. ఈసారి ప్రతి ట్రక్కు నుంచీ ఒక సీసా నింపి గల్లాపెట్టె పక్కన పెడతాను, వచ్చినప్పుడు మీరే చూడండి.