పాత ఎయిర్ రైఫిల్ కొనే ముందు చెక్క చూడండి

అందరికీ నమస్కారం. జర్మనీ కంపెనీ వైరౌఖ్ చేసిన హెచ్‌డబ్ల్యూ 77 అనే స్ప్రింగు ఎయిర్ రైఫిల్ కోసం వెతుకుతున్న మిత్రులకు ఒక మాట. కంపెనీ నుంచి అది మామూలుగా బీచ్ చెక్క స్టాక్‌తో (భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగంతో) వచ్చేది. 1980లలో ఇంగ్లండ్‌లోని వెనమ్ ఆర్మ్స్ వంటి చిన్న వర్క్‌షాపులు దానికి వాల్‌నట్ స్టాకులు చేసి బిగించేవి. ఇప్పుడు ఆ రైఫిళ్లకు అసలు విలువ ఆ చెక్కలోనే ఉంది.

కొనే ముందు స్టాక్ స్క్రూలు విప్పి చూపించమని అడగండి. స్ప్రింగు రైఫిల్ పేల్చినప్పుడు మొదట వెనక్కి, వెంటనే ముందుకు అదురుతుంది. ఆ దెబ్బలు ముందు స్క్రూల రంధ్రాలపై పడతాయి కాబట్టి వెంట్రుకంత పగులు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. తరువాత చేతి పట్టు దగ్గరి గళ్ల నగిషీని గోటితో తడమండి. మొనలు అరిగి, సందుల్లో వార్నిష్ పేరుకుని ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దేశారన్నమాట. నాకైతే గీతలున్నా సరే, పాత నూనె మెరుగు పోని స్టాకే కావాలి. దయచేసి ఎవరూ కొత్త పాలిష్ పెట్టించకండి, ఆ పనితనం మళ్లీ రాదు! అవిసె నూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు.

ఎవరైనా బేరానికి వెళితే ఆ రంధ్రాల ఫోటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. అంతవరకూ అడ్వాన్సు ఇవ్వకండి.