వైరస్ కాదండీ, బ్యాక్టీరియా

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘పేగుల్లో కొత్త వైరస్.. ఊబకాయానికి చెక్!’ అన్న వార్త చదివాను. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వెయ్యలేదు.

అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. పక్కన వేసిన ముళ్ల బంతి బొమ్మ కరోనాది. దీని పేరు అక్కర్మాన్సియా మ్యూసినిఫిలా. మీరు పేరే రాయలేదు, నోరు తిరగలేదేమో. పైగా ‘తాజాగా’ కనుగొన్నారట! నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ప్రకటించింది 2004లో. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఓట్లు కూడా వేసేశారు.

‘శరీర నమూనా’ నుంచి తీశారని రాశారు. ఏ నమూనా? ఆరోగ్యంగా ఉన్న ఒక మహిళ మలం. ఆ మాట రాయడానికి సిగ్గా? అదే పేజీ కింద మలబద్ధకం చూర్ణానికి పావు పేజీ ప్రకటన వేసినప్పుడు ఈ సిగ్గు ఎక్కడికి పోయింది?

కొత్త జాతి అని తేల్చడమంటే మైక్రోస్కోపులో చూసి బారసాల చేసెయ్యడం కాదు. ఆక్సిజన్ తగలకుండా, జీర్ణాశయం జిగురులో ఉండే మ్యూసిన్ ఒక్కటే మేతగా పెట్టి దీన్ని పెంచారు. పేరులో ‘మ్యూసినిఫిలా’ (మ్యూసిన్‌ను ఇష్టపడేది) అందుకే. తర్వాత బ్యాక్టీరియాల చుట్టరికం తేల్చడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ అనే జన్యువును పోల్చి చూస్తే, అప్పటికి ల్యాబుల్లో పెరిగినవాటిలో అతి దగ్గరి చుట్టంతో కూడా పోలిక 92 శాతమే. 97కి తగ్గితేనే వేరే జాతి అనేవాళ్లు, ఇది ఏకంగా వేరే ప్రజాతి (జాతికి పై మెట్టు) అయింది. ఆపైన ఎవరైనా సరిచూసుకునేలా దీని నమూనాను అమెరికాలో ఒకచోట, ఫ్రాన్స్‌లో ఒకచోట భద్రపరిచారు. ఇక పేరులో మొదటి సగం, అక్కర్మాన్స్ అనే ఒక డచ్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త పేరు మీద పెట్టింది.

ఇక ‘నెలలో పది కిలోలు’ తగ్గుతారని రాశారే, అది ఎక్కడిదో మీకే తెలియాలి. బెల్జియంలో చేసి 2019లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో చివరిదాకా ఉన్నది 32 మంది. వేడిచేసి చంపిన ఇదే బ్యాక్టీరియాను మూడు నెలలు తీసుకున్నవాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. బరువు తగ్గడం మాత్రం గట్టిగా చెప్పుకునేంత లేదు. మీ వార్త చదివి మా మరదలు మందుల షాపుకెళ్లి అడిగొచ్చింది కూడా.

మిమ్మల్ననీ ఏం లాభం! నేను పాఠం చెప్పిన కాలేజీలో రెండు మైక్రోస్కోపులు బీరువాలోనే రిటైరయ్యాయి. పగిలితే ఎవరి జీతంలో కోయాలన్న భయంతో తాళం తియ్యనిచ్చేవారు కాదు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లో నంబర్లు చూసుకుని, టీ తాగి వెళ్లేవాడు. అక్కడ చదివిన పిల్లలే కదా మీ డెస్కుల్లో కూర్చునేది.

ఇప్పటికైనా సవరణ వేయండి. మొదటి పేజీ అక్కర్లేదు, ఆ చూర్ణం పక్కన ఓ మూల చాలు.

– ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, తెనాలి