ఈసీలో కనిపించని సంతకం

చిట్టితల్లీ,

రియల్ ఎస్టేటు వ్యాపారాన్ని నియంత్రించే రెరాలో ఏజెంటుగా రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిందని నువ్వు చెప్పగానే వీధిలో సగం మందికి చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఖమ్మంలో ముప్పై ఏళ్ళు నేను చేసింది ఇదే పని కదా. మాకప్పుడు నంబరూ లేదు, కార్డూ లేదు, టీకొట్టు బెంచీయే ఆఫీసు. బ్రోకరంటే పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవాళ్ళు. మీ తాతయ్య వెనకాడాడు, మీ అమ్మే పట్టుబట్టింది.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి ఉంది. నీకు నాలుగేళ్ళప్పుడు, రిటైరైన ఒక బస్సు డ్రైవరుకు రెండొందల గజాల ప్లాటు ఇప్పించాను. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం, శుభ్రంగా ఉంది. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే, ఇంట్లో వాటాలు అందులోకి ఎక్కవు. అమ్మేవాడి తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. అంటే కూతురికీ సమాన వాటా. అతనికో చెల్లెలుందని, ఆమె సంతకం పెట్టలేదని నాకు తెలుసు. "అది అడగదులే అన్నా" అన్నాడు. నేనూ గుచ్చి అడగలేదు. కమీషన్ కవరు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

రెండేళ్ళకు చెల్లెలి లాయర్ నోటీసు వచ్చింది. డ్రైవరుగారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మనింటికొచ్చారు. కేకలేస్తే బాగుండేది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "మీకు ముందే తెలుసా?" అని అడిగారు. నువ్వు పలక పట్టుకుని గుమ్మంలో ఉన్నావు. నేను "తెలీదండీ" అన్నాను.

మూడో రోజు ఆయనింటికి వెళ్ళి నిజం చెప్పాను. తర్వాత సత్తుపల్లిలో ఆ చెల్లెలింటి చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాం. అన్న కొంత, నేను కొంత వేసుకున్నాక ఆమె తన హక్కు వదులుకుంటూ సంతకం చేసింది. అరిగిపోతే మార్పించేశానని అమ్మ నీకు చెప్పే గాజులున్నాయే, అవి అరగలేదు. డ్రైవరుగారు ఆ తర్వాత బజార్లో ఎదురైతే తలూపేవారు గానీ ఆగేవారు కాదు.

ఇక రెరా నంబరు రాకముందే అమ్మే ఆ ప్రీలాంచ్ ప్రాజెక్టు పని నీకొచ్చిందన్నావే, దాని సంగతి. అయిదు శాతం కమీషనని సంబరపడ్డావు. ఒకటి, మహా అయితే రెండు శాతం దొరికే చోట అయిదు ఎందుకిస్తున్నారో అడిగావా? రెరా నంబరు రాని ప్రాజెక్టును బిల్డర్ అమ్మకూడదు, దాన్ని అమ్మించడానికి ఏజెంటు మధ్యలోకి వెళ్ళకూడదు. 2016 చట్టంలోనే ఉంది, నీకు నంబరిచ్చింది కూడా ఆ చట్టమే. నంబరొచ్చాక సైతం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. వీళ్ళేమో మొత్తం ఒకేసారి కడితే రేటు తగ్గిస్తామంటున్నారు! కొనేవాళ్ళ డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉండాలి. నంబరే లేనప్పుడు ఆ ఖాతా ఎక్కడిదమ్మా?

ఫ్లాటు చూపించేటప్పుడు పదిహేను వందల అడుగులని అంటున్నావట. మెట్లు, లిఫ్టు, కారిడార్ కలుపుకుంటేనే కదా అంత. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటెంతో చెప్పు. బ్యాగులో టేపు పెట్టుకుని, వాళ్ళ చేతే పడగ్గది కొలిపించు. ఆ ఆస్తి ఇదివరకు చేతులు మారిన లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు టోకెన్ అడ్వాన్సు తీసుకోకముందే ఇచ్చెయ్, వాళ్ళ లాయర్‌కు చూపించుకోనీ. లాయర్ దగ్గరికెళ్తే బేరం చెడుతుందని మీ సీనియర్ అన్నాడట. అలా చెడే బేరాలు కొన్నుంటాయి, చెడనీ.

నువ్వు ఫొటో పంపిన చెరువు పక్క లేఅవుట్ చూశాను. మార్చిలో తీసిందది, మార్చిలో ఏ చెరువైనా బుద్ధిగా వెనక్కి జరుగుతుంది. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి జనం ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్ళొచ్చే హద్దు, ఎక్కడిదాకా అని అడుగుతున్నారు, మంచిదే. గట్టిగా వాన పడ్డ మర్నాడు ఫోన్ చెయ్, మొదటి బస్సుకే వస్తాను. ఆ సైటు నువ్వూ నేనూ నడిచి చూశాకే ఎవరికైనా చూపిద్దువుగాని. చెప్పులు పాతవి వేసుకురా.

మీ నాన్న