హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు

అమ్మలూ,

ఊటీ నుంచి ఏం తెచ్చావు నాన్నా అని అడిగావుగా. చాక్లెట్లు, నీలగిరి తైలం అమ్మ సర్ది పంపిస్తుంది. దారిలో ఒక చిన్న స్టేషన్ చూశాను. దాని సంగతి ఫోన్‌లో తెమిలేది కాదు, అందుకే రాస్తున్నా.

పేరు హిల్‌గ్రోవ్. మెట్టుపాళయంలో పొద్దున్నే ఊటీ వెళ్లే కొండరైలు ఎక్కితే కల్లార్, అడ్డర్లీ దాటాక అడవి మధ్యలో వస్తుంది. ప్లాట్‌ఫారం మీద నుంచి చూస్తే నాకు ఒక్క ఇల్లూ కనపడలేదు. ఒక టీ కొట్టు, వడల కోసం కాచుకుని కూర్చున్న కోతులు, అంతే. మరి రైలెందుకు ఆగుతుందంటే, ఇంజనుకి దాహం.

కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కుడు అలాంటిది. పన్నెండు అడుగులు పోతే ఒక అడుగు పైకి. ఉత్త చక్రాలైతే జారిపోతాయని పట్టాల మధ్యలో పళ్లున్న కడ్డీలు రెండు పక్కపక్కనే వేశారు. ఇంజను కిందున్న పళ్లచక్రం వాటిని కరుచుకుంటూ, పెట్టెల్ని వెనక నుంచి తోసుకుంటూ ఎక్కుతుంది. అంత బరువు తొయ్యాలంటే ఎంత ఆవిరి కావాలి, దానికి ఎన్ని నీళ్లు కావాలి!

ఈ కొండకి రైలు వెయ్యాలన్న మాట 1854లోనే పుట్టింది. 1891లో పని మొదలెట్టిన కంపెనీ మధ్యలో చేతులెత్తేసింది. చివరికి 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా బండి నడిచింది. 46 కిలోమీటర్లకి 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవన్నీ గొప్పవే. నాకు మాత్రం హిల్‌గ్రోవ్‌లో ఆ నీళ్ల గొట్టం దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

ఎందుకో నీకు తెలుసు. మీ తాత బిట్రగుంట రైలింజన్ల షెడ్‌లో ఫైర్‌మ్యాన్, అంటే ఆవిరి ఇంజనులో పారతో బొగ్గు వేసేవాడు. బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం ఉంటుంది. దాన్ని చూడకుండా పార ఎత్తకూడదని ఆయన అన్నం తింటూ కూడా చెప్పేవాడు. మట్టం మరీ పడిపోతే బొగ్గు మండే నిప్పుగూడు పైకప్పు కాలిపోయి బాయిలర్ పేలుతుంది, మనుషులు పోతారు. నా చిన్నప్పుడు అది విని విని విసుగేసేది.

హిల్‌గ్రోవ్‌లో ఒక కుర్రాడు ఇంజను మీదికెక్కి గొట్టం తిప్పి ట్యాంకులో పెట్టాడు. నిండి పొర్లిన నీళ్లు వేడి ఇనుము మీద పడి బుసబుసా పొగలయ్యాయి. అందరూ లోయ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఈ ఇంజన్లు చాలావరకు ఇప్పుడు నూనెతో కాలుతున్నాయి, పార పట్టే పని పోయింది. నీళ్ల పని మాత్రం నూట పాతికేళ్లుగా అలాగే ఉంది. వానాకాలం కొండచరియలు విరిగి లైను మూసేసినా, రాళ్లు తీసి మళ్లీ ఇక్కడికి బండి తెస్తున్నారు. ఆ మనుషులందరికీ దణ్ణం పెట్టాలనిపించింది.

మా నాన్నది బిట్రగుంట షెడ్ అని ఆ కుర్రాడికి వచ్చీరాని అరవంలో చెప్పాను. ఎంత అర్థమైందో గానీ, బిట్రగుంట అనగానే నవ్వాడు. చెయ్యి చాచి నన్ను ఇంజను మెట్టు మీదికి లాగి, గాజు గొట్టం చూపించాడు. నీళ్లు సగానికి పైనే ఉన్నాయి.

నాన్న